శ్రుతి కుదిరేదాకా: తొరాకుసు యమహా జీవిత కథ



ఫిజిక్స్ ల్యాబులో అడుగుపెట్టిన ప్రతి విద్యార్థీ ఒక్కసారైనా చేతపట్టిన వస్తువు ట్యూనింగ్ ఫోర్కు. దాన్ని రబ్బరు దిమ్మె మీద కొట్టడం, నీళ్ళ గొట్టం మూతి దగ్గర పట్టడం, రెజొనెన్సు ఎక్కడొస్తుందా అని చెవి రిక్కించి వినడం, రీడింగు సరిపోకపోతే పక్కవాడి రికార్డు కేసి దొంగచూపులు చూడడం మనందరికీ అనుభవమే. పరీక్ష అయిపోయాక ఆ రెండు కొమ్ముల ఉక్కు ముక్కను మళ్ళీ తలచుకునేవాళ్ళు అరుదు.

అయితే ఆ ఉక్కు ముక్కనే జీవితాంతం గుర్తుంచుకున్న మనిషి ఒకడున్నాడు. అతని పేరుతో నడుస్తున్న సంస్థ ఈనాటికీ మూడు ట్యూనింగ్ ఫోర్కులను ఒకదానిమీదొకటి పేర్చి తన ముద్రగా పెట్టుకుంది. పియానోల మీదా, గిటార్ల మీదా, ఆఖరికి మోటారు సైకిళ్ళ మీదా కనిపించే ముద్ర అది. 1985లో మన దేశంలోకి ఆర్.ఎక్స్.100 బండి వచ్చి కుర్రకారును ఒక ఊపు ఊపింది కదా! ఆ బండి మీద యమహా అన్న పేరు చూసి అదేదో ఇంజనుకు సంబంధించిన మాట అనుకున్నవాళ్ళు మనలో చాలామంది. అది ఒక మనిషి ఇంటిపేరు. ఆ మనిషి మోటారు సైకిలును కలలో కూడా చూసి ఉండడు. అతను చేసింది హార్మోనియం జాతి వాయిద్యం. అదీ మొదటిసారి చేసినప్పుడు శ్రుతి కుదరలేదు.

ఆ కుదరని శ్రుతి కథే ఈ వ్యాసం.

* * *

తొరాకుసు యమహా 1851 ఏప్రిల్ 20న జపాను దేశంలో కిషు సంస్థానంలో జన్మించాడు. ఇప్పటి వకయామా ప్రాంతం అది. తండ్రి సమురాయ్ వంశీకుడు. పేరుకు కత్తి పట్టే కులమేగాని ఆయన కొలువు మాత్రం ఖగోళ శాస్త్రానికీ భూముల కొలతలకూ సంబంధించినది. అందువల్ల ఆ ఇంట్లో పుస్తకాలకూ పరికరాలకూ కొదవ లేదు. పిల్లవాడికి యంత్రమంటే భయం లేకుండా పోయింది. ఏ వస్తువు కనబడినా లోపల ఏముందో విప్పి చూడాలన్న బుద్ధి అక్కడే పుట్టి ఉండాలి.

అతనికి రెండేళ్ళ వయసప్పుడు, 1853లో, అమెరికా యుద్ధనౌకలు జపాను తీరానికి వచ్చి నిలిచాయి. రెండు శతాబ్దాలకు పైగా తలుపులు బిగించుకుని కూర్చున్న దేశం తప్పనిసరై తలుపు తీసింది. 1868లో పాత ప్రభుత్వం కూలి మెయిజీ చక్రవర్తి పాలన మొదలయింది. 1871లో సంస్థానాలు రద్దయ్యాయి. తాతల నాటి నుంచి సంస్థానం ఇచ్చే భత్యం మీద బతికిన సమురాయ్ కుటుంబాలు ఒక్కసారిగా వీధిన పడ్డాయి. మన జమీందారీలు రద్దయినప్పుడు దివాణాల్ని నమ్ముకున్న ఉద్యోగుల గతి ఏమయిందో పెద్దవాళ్ళు చెప్పగా విన్నాం కదా, ఇంచుమించు అలాంటిదే.

అటువంటి సమయంలో కొందరు పాత వైభవం తలచుకుంటూ కూర్చున్నారు. కొందరు తిరుగుబాట్లు చేశారు. ఇరవై ఏళ్ళ తొరాకుసు మాత్రం నాగసాకి రేవు పట్నానికి వెళ్ళి, ఒక ఇంగ్లీషు నిపుణుడి దగ్గర గడియారాల పని నేర్చుకున్నాడు. సమురాయ్ బిడ్డ పళ్ళచక్రాలకు నూనె రాసే పనికి కుదరడం ఆ రోజుల్లో చిన్న విషయమేమీ కాదు.

పని వచ్చింది, కానీ పెట్టుబడి ఏదీ? సొంతంగా గడియారాల వ్యాపారం నిలబెట్టుకోవడం సాధ్యపడలేదు. ఒసాకా చేరి వైద్య పరికరాల పనిలోకి దిగాడు. అక్కడి నుంచి ఆ పరికరాల మరమ్మత్తు పనిమీదనే హమమత్సు అనే చిన్న పట్నానికి వచ్చాడు. టోక్యోకూ క్యోటోకూ మధ్య పాత రహదారి మీద ఉన్న ఊరు అది. అక్కడి ఆసుపత్రిలో పరికరాలు బాగుచేస్తూ, ఖాళీ సమయంలో గడియారాలు వగైరా చూస్తూ కాలక్షేపం చేశాడు. అప్పటికి వయసు ముప్పయి దాటింది. పేరు లేదు, ఆస్తి లేదు. ఊళ్ళో ఏదైనా యంత్రం మొరాయిస్తే ఆయన్ని పిలవండి అనే పాటి గుర్తింపు మాత్రం ఉంది.

* * *

ఇక్కడ కథ కాసేపు ఆపి జపాను బడుల సంగతి చెప్పుకోవాలి. లేకపోతే తరువాతి కథ అర్థం కాదు.

1872లో జపాను ప్రభుత్వం దేశమంతటా ప్రాథమిక విద్యను ప్రవేశపెట్టింది. పాఠ్యాంశాలలో పాటను కూడా చేర్చింది. చేర్చడమైతే చేర్చారుగాని నేర్పేవారెవరు? ఏ వాయిద్యంతో నేర్పాలి? ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికి 1879లో టోక్యోలో ప్రభుత్వం ఒక సంగీత పరిశోధక సంస్థను నెలకొల్పింది. దానికి నాయకుడు షూజీ ఇసావా. ఆయన అమెరికాలో ఉపాధ్యాయ శిక్షణ పొందాడు. అక్కడ తనకు పాట నేర్పిన లూథర్ వైటింగ్ మేసన్ అనే ఉపాధ్యాయుణ్ణి 1880లో జపానుకు రప్పించి, బడిపిల్లల కోసం పాటల పుస్తకాలు తయారు చేయించాడు. ఆ సంస్థే 1887లో టోక్యో సంగీత పాఠశాల అయింది.

పిల్లల చేత పాట పాడించడానికి స్వరం అందించే వాయిద్యం ఒకటి కావాలి. పియానో అంటే మాటలా! దాని ధర ఏ బడీ భరించలేదు. అందుకని రీడ్ ఆర్గన్ అనే వాయిద్యాన్ని అమెరికా నుంచి తెప్పించుకోసాగారు. కాళ్ళతో తొక్కితే తిత్తులు ఆడతాయి, వేళ్ళతో మెట్టు నొక్కితే గాలి ఇత్తడి రీడు గుండా పోతుంది, రీడు కంపించి స్వరం పలుకుతుంది. మన హార్మోనియమూ, అకార్డియనూ, మౌతార్గనూ అన్నీ ఈ ఒక్క సూత్రం మీద పుట్టిన అన్నదమ్ములే. ఎటొచ్చీ, అమెరికా ఆర్గనులో తిత్తి గాలిని లోపలికి పీలుస్తుంది, హార్మోనియంలో బయటికి నెడుతుంది. భేదం అంతే.

అదే కాలంలో మన కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ అనే వాయిద్యాల వర్తకుడు కాలితో తొక్కే హార్మోనియాన్ని నేల మీద కూర్చుని చేత్తో తిత్తి ఆడించేలా మార్చిన సంగతి సంగీత ప్రియులకు తెలిసిందే. ఆ చేతి హార్మోనియమే తరువాత మన పద్యనాటకాలకు ప్రాణమయింది. సురభి వారి డేరాలలో, పల్లెటూరి నాటకాల పందిళ్ళలో హార్మోనిస్టు మెట్టు మీద వేలు వెయ్యనిదే కృష్ణుడు నోరు విప్పేవాడు కాదు. అంటే ఇక్కడా అక్కడా ఒకే పరదేశపు పెట్టె. దానితో ఎవరి అవసరం వారు తీర్చుకున్నారు.

* * *

1887. హమమత్సు ప్రాథమిక పాఠశాలకు అమెరికా నుంచి వచ్చిన ఒక రీడ్ ఆర్గన్ మూగబోయింది. బాగుచేసేవాడు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. ఆసుపత్రి పరికరాలు బాగుచేసే యమహా గారిని పిలుద్దామన్నారు. సంగీతానికీ అతనికీ సంబంధం లేదు. ఆర్గన్ లోపలి భాగాన్ని అంతకుముందు చూసి ఎరుగడు. అయినా వచ్చాడు, విప్పాడు. లోపల స్ప్రింగులు విరిగి ఉన్నాయి. బాగుచేశాడు.

మామూలు మెకానిక్కయితే కూలి డబ్బులు తీసుకుని ఇంటికి పోయేవాడు. ఇతను పోలేదు. ఒక్కొక్క భాగాన్నీ కొలిచి, బొమ్మలు గీసుకున్నాడు. ఆ ఆర్గన్ ఖరీదు 45 యెన్లనీ, తాను 3 యెన్లతో అలాంటిది చెయ్యగలనని లెక్క వేసుకున్నాడనీ చెబుతారు. లెక్క ఎంతవరకు నిజమో గాని, అతని ఆలోచన మాత్రం తేటతెల్లం. దేశంలో ఇన్ని వేల బడులున్నాయి, ప్రతి బడికీ ఒక ఆర్గన్ కావాలి, ప్రతిదానికీ డబ్బు సముద్రం దాటి పోవాలి. మనమే ఎందుకు చేసుకోకూడదు?

ఒక్కడివల్ల అయ్యే పని కాదు. కిసబురో కవాయ్ అనే లోహపు నగిషీ పనివాణ్ణి కలుపుకున్నాడు. ఇద్దరి దగ్గరా డబ్బు అంతంతమాత్రం. తగిన పనిముట్లు లేవు. ఇత్తడి రేకు కోసి, ఆకురాయితో రుద్ది రీడ్లు చేశారు. కొయ్య కోసి పెట్టె కట్టారు. రెండు నెలల పాటు రాత్రనక పగలనక శ్రమిస్తే ఒక ఆర్గన్ తయారయింది. చూడ్డానికి అమెరికా దానికి ఏమీ తీసిపోదు. వాయిస్తే పలుకుతోంది.

కానీ దగ్గరలోని ఉపాధ్యాయ శిక్షణాలయం వారికి చూపిస్తే మెచ్చలేదు. ఏదో తేడాగా ఉందన్నారు. ఆ తేడా ఏమిటో చెప్పగలవాళ్ళు టోక్యోలోని సంగీత పాఠశాలలోనే ఉన్నారు. సరే, టోక్యో పోదామనుకున్నారు.

టోక్యో దాదాపు 250 కిలోమీటర్లు. ఆ దారిలో రైలు మార్గం ఇంకా పూర్తికాలేదు. టోక్యో నుంచి కోబే దాకా రైలు నడిచింది 1889లో. అందుకని ఇద్దరూ ఆర్గన్‌ను ఒక బొంగుకు కట్టి, చెరొక కొసా భుజాన వేసుకుని కాలినడకన బయలుదేరారు. మధ్యలో హకోనే కనుమ ఉంది. అక్కడి రాళ్ళదారి ఒంటరి బాటసారికే ఆయాసం తెప్పిస్తుంది. వీళ్ళ భుజాన నడవలేని, అలసటా తెలియని ఒక చెక్కపెట్టె. ఎత్తేస్తే పగులుతుంది, తడిస్తే ఉబ్బుతుంది. 

* * *

టోక్యోలో ఇసావా ఆ ఆర్గన్‌ను పరీక్షింపజేశాడు. తీర్పు క్లుప్తంగానే వచ్చింది. పెట్టె బాగుంది, పనితనం బాగుంది, శ్రుతి మాత్రం కుదరలేదు. అంటే వాయిద్యంగా పనికిరాదు.

మిత్రులారా! ఒక్క క్షణం ఆ ఇద్దరి స్థితి ఊహించుకోండి. చేతిలో ఉన్న డబ్బంతా అయిపోయింది. కొండలెక్కి మోసుకొచ్చిన సరుకు తప్పు సరుకని తేలింది. పైగా ఆ తప్పు ఏమిటో కంటికి కనబడదు. విరిగిన స్ప్రింగయితే చూపించవచ్చు. శ్రుతి చెవికి తెలియాలి. ఆ చెవి తొరాకుసుకు లేదు. ఇన్నాళ్ళూ కన్నూ చెయ్యీ నమ్ముకుని బతికిన మనిషికి అవి రెండూ చాలవని ఆ రోజు తెలిసింది.

ఇక్కడ తప్పు ఎక్కడ జరిగిందో కాస్త వివరంగా చూద్దాం. రీడు స్వరాన్ని దాని పొడవూ మందమూ నిర్ణయిస్తాయి. కొస దగ్గర కొంచెం గీకితే బరువు తగ్గి స్వరం పెరుగుతుంది. మొదట్లో, అంటే బిగించిన చోట గీకితే బిగువు తగ్గి స్వరం దిగుతుంది. వెంట్రుకవాసి గీకినా తేడా వస్తుంది. ఒక రీడును చూసి అదే కొలతకు ఇంకో రీడు చేసినంత మాత్రాన అదే స్వరం రాదు. ఇత్తడి వేరు, మందం వేరు, ఆకురాయి పట్టిన చెయ్యి వేరు. అదీగాక పాశ్చాత్య పద్ధతిలో ఒక స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేస్తారు. ప్రతి మెట్టుకూ దాని పై మెట్టుకూ కంపనాల నిష్పత్తి రెండు యొక్క పన్నెండవ మూలం. ఈ లెక్కలో షడ్జమం, పంచమం కూడా సహజంగా కలిసే చోటుకన్నా ఒక పిసరు తక్కువగా పెట్టాలి. ఎంత తక్కువ అన్నది రెండు స్వరాలు కలిసి మోగినప్పుడు వచ్చే విస్పందనాలను, అదే మనం బీట్స్ అంటామే, వాటిని లెక్కపెట్టి తెలుసుకోవాలి. (మన రేడియో వారు ఈ బిగుసుకుపోయిన మెట్ల స్వరం మన రాగాలకు పనికిరాదని 1940లో హార్మోనియాన్ని నిషేధించి, 1971లో గాని సడలించలేదు. అది వేరే కథ.)

ఇదంతా హమమత్సులో కూర్చున్న మెకానిక్కుకు ఎవరు చెబుతారు?

ఇసావా గొప్పతనం ఇక్కడే ఉంది. పనికిరాదని చెప్పి తలుపు వేసుకోలేదు. తప్పు ఇదీ అని చూపి, సంగీత పాఠశాలలోనే ఉండి స్వరశాస్త్రం నేర్చుకోమని అవకాశం ఇచ్చాడు. ముప్పయ్యారేళ్ళ తొరాకుసు, తనకన్నా ఎంతో చిన్నవాళ్ళయిన విద్యార్థుల మధ్య బెంచీ మీద కూర్చుని పాఠాలు విన్నాడు. సుమారు ఒక నెల. ఆ నెలలో అతని చేతిలోంచి ట్యూనింగ్ ఫోర్కు కింద పెట్టలేదంటారు. కొట్టడం, వినడం, రీడుతో పోల్చడం, మళ్ళీ కొట్టడం. మనం పరీక్ష ముందు రోజు ఒక్కసారి చేసి విసుక్కునే ప్రయోగాన్ని అతను నెలరోజులు తపస్సులా చేశాడు.

హమమత్సు తిరిగొచ్చి రెండో ఆర్గన్ చేశారు. దాన్నీ టోక్యో తీసుకెళ్ళారు. ఈసారి పరీక్షించినవారు విదేశీ సరుకుతో సమానమని ఒప్పుకున్నారు.

* * *

అటు తరువాత పనులు వేగం అందుకున్నాయి. ఆర్గన్ల కర్మాగారం వెలిసింది. 1889 నాటికే అందులో నూరుమంది వరకు పనిచేస్తూ ఏటా రెండువందల యాభై దాకా ఆర్గన్లు తయారు చేసేవారు. కానీ జపానులో ఆర్గన్ చేసిన మొదటివాడు తొరాకుసు అనుకుంటే పొరపాటు. యొకొహామాలో తొరాకిచి నిషికావా అనే ఆయన అంతకుముందే ఆ పని మొదలుపెట్టాడు. విదేశీయుల రేవు కాబట్టి అక్కడ నమూనాలూ దొరికేవి, నేర్పేవాళ్ళూ దొరికేవారు. తొరాకుసు గెలిచిందల్లా బడుల బజారులోకి గట్టిగా చొచ్చుకుపోవడంలో. నిషికావా సంస్థ తొరాకుసు మరణానంతరం, 1921లో, అతని కంపెనీలోనే కలిసిపోయింది.

ఆ కాలంలో వాయిద్యాల వ్యాపారికి నేటిలాగా పత్రికలూ టెలివిజన్లూ ప్రచారం చేసిపెట్టేవి కావు. ప్రదర్శనలే సర్వస్వం. దేశదేశాల తయారీదారులు ఒకచోట చేరడం, పక్కపక్క దుకాణాలలో సరుకు పెట్టడం, న్యాయనిర్ణేతలు వాయించి చూసి పతకాలు ఇవ్వడం, ఆ పతకం పేరు చెప్పుకుని ఏళ్ళ తరబడి అమ్ముకోవడం, ఇదీ రివాజు. 1867 పారిస్ ప్రదర్శనలో స్టైన్‌వే, చికరింగ్ అనే రెండు అమెరికా పియానో కంపెనీలకూ బంగారు పతకాలు వచ్చాయి. ఎవరిది అసలు మొదటి బహుమతి అన్నదానిమీద ఇద్దరూ ఊరూవాడా ప్రకటనలతో కొట్టుకున్నారు. పతకం విలువ అటువంటిది.

జపాను ప్రభుత్వం ఈ కిటుకు తొందరగానే పట్టింది. 1877లో టోక్యోలోని ఉయెనో ఉద్యానవనంలో జాతీయ పారిశ్రామిక ప్రదర్శన మొదలుపెట్టింది. 1890లో జరిగిన మూడవ ప్రదర్శనలో తొరాకుసు ఆర్గన్ బహుమతి పొందింది. మూడేళ్ళ క్రితం శ్రుతి లేదని తిప్పికొట్టబడిన మనిషి అదే టోక్యోలో బహుమతి పుచ్చుకున్నాడు. రెండేళ్ళు తిరగకుండా, 1892లో, అతని ఆర్గన్లు ఆగ్నేయాసియాకు ఎగుమతి అయ్యాయి.

కథ ఇలా నున్నగా సాగిపోయిందనుకోకండి. బహుమతి వచ్చిన మరుసటి సంవత్సరమే, 1891లో, పెట్టుబడి పెట్టినవారు తమ డబ్బు వెనక్కి తీసేసుకున్నారు. సంస్థ రద్దయింది. పేరొచ్చింది, బహుమతి వచ్చింది, చేతిలో కంపెనీ లేదు! అప్పుడు మళ్ళీ పక్కన నిలబడింది పాత మిత్రుడు కవాయే. ఇద్దరూ కొత్త పేరుతో మళ్ళీ మొదలుపెట్టారు. కనుమ దారిలో బొంగుకు రెండో కొస పట్టినవాడు ఈసారీ వదల్లేదు. లోకం తొరాకుసు పేరు గుర్తుంచుకుంది. రెండో కొస పట్టినవాడి పేరు హమమత్సు దాటి ఎక్కువమందికి తెలియదు. చరిత్రలో ఇలాంటి కవాయ్‌లు ఎందరో!

ఆరేళ్ళు కష్టపడి నిలదొక్కుకున్నాక, 1897 అక్టోబరు 12న లక్ష యెన్ల మూలధనంతో నిప్పన్ గక్కి అనే కంపెనీని స్థాపించారు. నిప్పన్ గక్కి అంటే జపాను వాయిద్యాలని అర్థం. తొరాకుసు అధ్యక్షుడు. తన ఇంటిపేరు పెట్టకుండా దేశం పేరు పెట్టడం గమనించదగ్గ విషయం. ముద్రగా మాత్రం ట్యూనింగ్ ఫోర్కును నోట కరుచుకున్న ఒక పురాణ పక్షిని ఎన్నుకున్నాడు. తనను అవమానపరచిన విషయాన్నే నెత్తిన పెట్టుకున్నాడన్నమాట.

* * *

ఆర్గన్ చేసినవాడికి పియానో మీద కన్ను పడకుండా ఉంటుందా? కానీ రెండింటికీ హస్తిమశకాంతరం. ఆర్గన్‌లో గాలి పని చేస్తే పియానోలో సుత్తి పని చేస్తుంది. పెద్ద పియానోలో సుమారు 230 ఉక్కు తీగలు ఉంటాయి. అవన్నీ కలిసి లాగే బలం పదిహేను ఇరవై టన్నుల దాకా ఉంటుంది. అంత లాగుడును తట్టుకోవడానికి పోత ఇనుముతో చట్రం పొయ్యాలి. మెట్టు నొక్కగానే సుత్తి తీగను తాకి తక్షణం వెనక్కి రావాలి, లేకపోతే నాదం చచ్చిపోతుంది. ఆ లోపలి యంత్రాంగాన్నే యాక్షన్ అంటారు. అందులో వేలకొద్దీ చిన్న చిన్న భాగాలు.

ఈసారి తొరాకుసు ముందే జాగ్రత్తపడ్డాడు. చేసి, మోసుకెళ్ళి, తప్పని చెప్పించుకోవడం కాదు, ముందు నేర్చుకుని తరువాత చెయ్యాలనుకున్నాడు. 1899లో విద్యాశాఖ తరఫున అమెరికా బయలుదేరాడు. నెలల తరబడి అక్కడి పియానో, ఆర్గన్ కర్మాగారాలు తిరిగి చూశాడు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో మళ్ళీ విద్యార్థి అయ్యాడు. యంత్రాలూ, విడిభాగాలూ కొనుక్కుని ఇంటికొచ్చాడు. 1900లో నిప్పన్ గక్కి మొదటి అప్‌రైట్ పియానో, 1902లో మొదటి గ్రాండ్ పియానో బయటికి వచ్చాయి. మొదట్లో కొన్ని ముఖ్యమైన భాగాలు అమెరికావే. పోనుపోను ఒక్కొక్కటీ సొంతంగా చెయ్యడం నేర్చారు. ఆ పనిలో చేరిన కుర్రాళ్ళలో కోయిచి కవాయ్ అనే చురుకైనవాడు ఒకడు. పదకొండేళ్ళ వయసులో తొరాకుసు దగ్గర పనికి కుదిరి, యాక్షన్ల తయారీలో సిద్ధహస్తుడయ్యాడు. (కిసబురో కవాయ్, కోయిచి కవాయ్ వేరువేరు మనుషులు.)

1904లో అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. అప్పటికి జపాను రష్యాతో యుద్ధంలో ఉంది. అయినా నిప్పన్ గక్కి పియానోలు, ఆర్గన్లు సముద్రం దాటి వెళ్ళాయి. ఏ అమెరికా దగ్గర ఐదేళ్ళ క్రితం పాఠం నేర్చుకున్నాడో ఆ అమెరికా గడ్డ మీదనే తొరాకుసు వాయిద్యాలు గౌరవ మహా బహుమతి పొందాయి. పదిహేడేళ్ళ క్రితం బొంగుకు కట్టి మోసిన పెట్టె ఎక్కడ, ఈ బహుమతి ఎక్కడ!

1914లో కంపెనీ మౌతార్గన్ల తయారీ కూడా మొదలుపెట్టింది. ఆ ఏడే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. మౌతార్గన్లకూ అకార్డియన్లకూ పెట్టింది పేరయిన జర్మనీ సరుకు బయటి బజార్లకు రావడం కష్టమయింది. ఆ ఖాళీలో జపాను మౌతార్గన్లు చొరబడ్డాయి. వ్యాపారంలో ఒకరి ఆపద ఇంకొకరి అదృష్టం కావడం కొత్తేమీ కాదుగదా!

1916 ఆగస్టు 8న, 65వ ఏట, తొరాకుసు యమహా కన్నుమూశాడు.

* * *

ఆయన పోయాక సంస్థ పువ్వుల్లో పెట్టినట్టేమీ లేదు. 1922లో అగ్నిప్రమాదం, 1923లో మహా భూకంపం దెబ్బతీశాయి. 1926లో కార్మికులు నూట అయిదు రోజులు సమ్మె చేశారు. జపాను కార్మికోద్యమ చరిత్రలో చెప్పుకోదగ్గ సమ్మె అది. శ్రుతి వాయిద్యాలకే కాదు, యజమానికీ పనివాడికీ మధ్య కూడా ఉండాలని ఆ సమ్మె రుజువు చేసింది. మరుసటి ఏడు కోయిచి కవాయ్ విడిపోయి సొంత కంపెనీ పెట్టుకున్నాడు. అదీ ప్రపంచ ప్రసిద్ధమైన పియానో కంపెనీ అయింది. శిష్యుడు పోటీదారు కావడం గురువుకు నష్టమో కీర్తియో పాఠకులే నిర్ణయించుకోవాలి.

రెండవ ప్రపంచ యుద్ధంలో కొయ్యపనిలో ఆరితేరిన ఈ కర్మాగారాల చేత విమానాల ప్రొపెల్లర్లు చేయించారు. పిల్లల చేత పాట పాడించడానికి పుట్టిన చోటు యుద్ధపు సరుకు తయారుచేసింది. బాంబులూ మీదపడ్డాయి. యుద్ధం ముగిశాక మళ్ళీ వాయిద్యాలు మొదలయ్యాయి. యుద్ధకాలంలో అలవడిన లోహపు పనితనంతోనే 1955లో మోటారు సైకిళ్ళ కోసం యమహా మోటార్ అనే వేరే కంపెనీ పుట్టింది. ఇదండీ మోటారు సైకిలుకూ ట్యూనింగ్ ఫోర్కుకూ ఉన్న చుట్టరికం! మొదటి ఆర్గన్‌కు నూరేళ్ళు నిండిన 1987లో నిప్పన్ గక్కి తన పేరునే యమహా కార్పొరేషన్‌గా మార్చుకుంది. తొరాకుసు పెట్టుకోని పేరును వారసులు పెట్టారు.

* * *

మహనీయుల జీవితాలు చెప్పినప్పుడు వారు పుట్టుకతోనే అసాధారణులన్నట్టు రాయడం మనకు అలవాటు. తొరాకుసు విషయంలో ఆ ఇబ్బంది లేదు. అతను సంగీతజ్ఞుడు కాడు, పట్టభద్రుడు కాడు, ధనవంతుడు అసలే కాడు. ముప్పయ్యారేళ్ళ దాకా అనామకుడు. అతని జీవితంలో నిజంగా గొప్ప ఘట్టం బహుమతులు కావు, కర్మాగారాలు కావు. తన వాయిద్యం పనికిరాదని విన్న తరువాతి ఉదయం అతను పాఠశాల బెంచీ మీద కూర్చోవడమే. కోపగించుకుని ఇంటికి పోవచ్చు. ఆ పండితులకేం తెలుసని తిట్టుకోవచ్చు. శ్రుతి సంగతి పట్టించుకోని బడులకు చవగ్గా అంటగట్టెయ్యవచ్చు కూడా. ఈ మూడు దారులూ మనందరికీ బాగా తెలిసినవే.

అధ్యాపకులకు కూడా ఈ కథలో ఒక మాట ఉంది. ఇసావా తప్పును తప్పని చెప్పాడు, మొహమాటపడలేదు. కానీ చెప్పినవాడే దాన్ని దిద్దుకునే చోటు కూడా చూపించాడు. మొదటిది చెయ్యడం తేలిక. రెండోది చేసేవాళ్ళున్న విద్యాలయం ధన్యమైనది. ఆ రోజు ఇసావా తీర్పు చెప్పి ఊరుకుంటే హమమత్సులో ఒక చెక్కపెట్టె చెదలుపట్టి పోయేది, మనకు ఆ పేరే తెలిసేది కాదు.

ఈసారి ల్యాబులో ట్యూనింగ్ ఫోర్కు చేతికొచ్చినప్పుడు, మిత్రులారా, రీడింగు కుదరలేదని పక్కవాడి రికార్డు కేసి చూసే ముందు ఇంకొక్కసారి కొట్టి వినండి. కుదరని చోటు ఎక్కడుందో ముందు మన చెవికి తెలియాలి. తెలిసిన తరువాత హకోనే కనుమ ఏపాటి ఎత్తు!